మునగాల నుంచి టౌనుకు: ఎటు వెళ్ళాం, ఎందుకు వెళ్ళాం

మీది ఏ జిల్లా అని మునగాల మనిషిని అడిగితే జవాబు వయసును బట్టి ఉంటుంది. మన తాతలు కృష్ణా జిల్లా అన్నారు. మనం పరీక్ష ఫారాల మీద నల్లగొండ అని రాశాం. ఇప్పుడు మన బడిలో కూర్చున్న పిల్లలు సూర్యాపేట అని రాస్తున్నారు. ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు. జిల్లా కచేరీ మాత్రం మూడు ఊళ్ళు మారింది. చదువు కోసమో ఉద్యోగం కోసమో మనవాళ్ళు ఏ టౌనుకు వెళ్ళారన్నది చాలావరకు ఇలాంటి మార్పులే తేల్చాయి. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు ఆ సంగతే రాద్దామనిపించింది.

మునగాల పరగణా ఇంగ్లీషువాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీలోది. కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా. కానీ చుట్టూ నాలుగు వైపులా నిజాం రాజ్యమే. జమీందారీ తగాదా పడి నందిగామ వెళ్ళాలన్నా, జిల్లా కచేరీ పని మీద బందరు వెళ్ళాలన్నా ముందు నిజాం గడ్డ దాటాలి. మన దగ్గర ఇంగ్లీషు రూపాయి, పొలిమేర అవతల హాలీ సిక్కా. 7 హాలీ రూపాయలు ఇస్తే దాదాపు 6 ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. అవతల కచేరీ భాష ఉర్దూ, సరుకు మీద సుంకానికి కరోడ్‌గిరి నాకాలు. ఈ రోజు మనం సంచీ పట్టుకుని బస్సెక్కే కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడూ ఆ రోజుల్లో పరాయి రాజ్యంలోని ఊళ్ళు. మన తాతలకు దగ్గరగా ఉన్న కోదాడ కన్నా దూరంగా ఉన్న బెజవాడతోనే కాగితం పని ఎక్కువ.

అప్పట్లో వలస ఒక వైపే సాగలేదు. చదువుకున్నవాళ్ళు మునగాలకే వచ్చారు. పెనుగంచిప్రోలులో పుట్టి, నాగపూర్‌లో చదువుకున్న కొమర్రాజు లక్ష్మణరావు గారు మునగాల సంస్థానానికి దివానుగా వచ్చారు. రాజా నాయని వెంకట రంగారావు గారి అండతో ఆయనా, మిత్రులూ కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు వరుసగా రావడానికి ఆ మండలి దారి వేసింది. తర్వాత ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనికి పూనుకుని, అది పూర్తి కాకుండానే 1923లో మద్రాసులో కన్నుమూశారు. జాతీయ పతాకం రూపకర్త పింగళి వెంకయ్య గారు కూడా ఈ సంస్థానంలో ఉండి పత్తి మీద పరిశోధన చేశారు. ఆయనకు ‘పత్తి వెంకయ్య’ అనే పేరు ఆ పని వల్లే వచ్చింది. ఊరు చిన్నదైనా పని చేసే వీలుంటే మనుషులు వెతుక్కుంటూ వస్తారనడానికి మన ఊరే సాక్ష్యం.

1948లో రెండు పనులు జరిగాయి. సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం తెచ్చింది. 1953లో మనం ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. 1959లో పరగణాను కృష్ణా జిల్లా నుంచి తీసి నల్లగొండలో కలిపారు. అప్పటిదాకా తూర్పుకు పోయే కాగితాలు పడమరకు తిరిగాయి.

కాగితం వెనక నీళ్ళు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట చేలు మాగాణి అయ్యాయి. ఇంజనీరుగా నాకు ఇందులో ఆసక్తి కలిగించేది కాలువ కట్టడం ఒక్కటే కాదు, ఒక పంట టౌనును ఎలా కడుతుందన్నది. వడ్లు పండితే మిల్లు కావాలి. మిల్లు వస్తే కాటా, హమాలీలు, గోనె సంచుల వ్యాపారి, లారీలు, లారీలకు మెకానిక్కులు, అప్పుకు బ్యాంకు వస్తాయి. ఊక బాయిలరు కిందికి, తవుడు నూనె మిల్లుకు, నూకలు ఇంకొకరికి పోతాయి. ఏదీ వృథా పోదు. మిర్యాలగూడకు పగిడిపల్లి–నల్లపాడు రైలు మార్గం కూడా తోడైంది.

కోదాడకూ సూర్యాపేటకూ ఆ రైలు లేదు. ఆ రెండింటినీ పెంచింది హైదరాబాదు–విజయవాడ రోడ్డు. 2014 తర్వాత కోదాడ రాష్ట్రం అంచున ఉన్న టౌను అయింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 2011 లెక్కల నాటికే సూర్యాపేట, మిర్యాలగూడ లక్ష జనాభా దాటాయి, కోదాడ అరవై వేలు దాటింది. మిల్లు ఉన్న టౌను, రోడ్డు మీది టౌను, ఆఫీసుల టౌను. మనవాళ్ళు ఈ మూడింటిలోనూ ఉన్నారు.

నేను ఉద్యోగంలో చేరాక మొదట కాపురం పెట్టింది మిర్యాలగూడలో, ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని. సాయంత్రమైతే ఉడికిన వడ్ల వాసన వీధంతా వచ్చేది. ఇల్లుగల పెద్దమ్మ మొదటి రోజే, “ఏ ఊరు బిడ్డా మీది?” అని అడిగింది. మునగాల అన్నాను. “పరగణా వాళ్ళా? అందుకే మాట కొంచెం ఆ దిక్కు ఉంది” అన్నది. జిల్లా మారి మూడు దశాబ్దాలు దాటినా ఆ హద్దు మన మాటలో మిగిలే ఉంది. ఆ తర్వాత సూర్యాపేటకు మారి స్థిరపడ్డాను.

ఇలాంటి టౌనులో కాపురానికి కొన్ని సుఖాలున్నాయి. ఆఫీసు, కూరగాయల మార్కెట్టు, పిల్లల కాలేజీ అన్నీ బండి మీద పావుగంట. మందుల షాపువాడికి మన ఇంట్లో ఎవరికి షుగరో తెలుసు. పొద్దున్నే వెళ్ళి పొలంలో నీళ్ళు చూసుకుని పదింటికి ఆఫీసులో ఉండవచ్చు. ఇబ్బందులూ ఉన్నాయి. జబ్బు పెద్దదైతే అంబులెన్సు హైదరాబాదు వైపో విజయవాడ వైపో తిరగాలి. ఇంజనీరింగు చదివిన పిల్లలకు తగిన ఉద్యోగం టౌనులో దొరకడం అరుదు. మనం ఊరు వదిలి ఇక్కడికి వచ్చినట్టే వాళ్ళు ఇక్కడి నుంచి హైదరాబాదుకో ఇంకా దూరానికో వెళ్తారు. చివరికి పెద్ద ఇల్లు, అందులో ఇద్దరం మిగులుతాం.

హైదరాబాదు వెళ్ళినవాడు ఊరికి చుట్టం అవుతాడు. కోదాడకో సూర్యాపేటకో వెళ్ళినవాడు చుట్టం కాలేడు. ఊళ్ళో పెళ్ళయినా చావయినా ఆ పూటకు రాగలడు కాబట్టి రావలసిందే. రేషను కార్డులో పేరు తప్పు పడినా, పాస్‌బుక్కులో సర్వే నంబరు మారినా ఫోను మనకే వస్తుంది. ఊరు మనల్ని ఇంకా తన మనిషిగానే లెక్క వేసుకుంటోంది.

అయితే టౌను దగ్గరవడం మన బడికి మాత్రం మేలు చేయలేదు. రోడ్డు బాగుపడ్డాక పొద్దున ఏడున్నరకే టౌను ప్రైవేటు బడుల పసుపు బస్సులు ఊళ్ళోకి వస్తున్నాయి. స్థోమత ఉన్న ఇళ్ళ పిల్లలు అందులో వెళ్ళిపోతే, మన బడిలో మిగిలేది ఎక్కువగా కూలికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు. వాళ్ళ తల్లిదండ్రులకు పాలిసెట్ ఫారం ఎప్పుడు నింపాలో, బాసర ట్రిపుల్ ఐటీలో సర్కారు బడి పిల్లలకు అదనంగా వెయిటేజీ ఉంటుందని ఎవరు చెప్పాలి? మన కాలంలో ఆ పని ఊళ్ళోనే ఉన్న చదువుకున్నవాళ్ళు చేసేవారు. ఇప్పుడు ఆ చదువుకున్నవాళ్ళం మనమే, టౌనులో ఉన్నాం.

అందుకే సంఘం ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. దూరదేశాల్లో ఉన్న మిత్రులు బెంచీలకు, కంప్యూటర్లకు డబ్బు పంపుతున్నారు, సంతోషం. ఈ మూడు టౌనుల్లో ఉన్న పూర్వ విద్యార్థులం ఇవ్వగలిగింది వేరు. మనలో టీచర్లు, వకీళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్నారు. ఏడాదికి ఒక్కొక్కరం ఒక్క శనివారం పదో తరగతికి ఇస్తే చాలు. లెక్కల్లో వెనకబడిన వాళ్ళకు ఒకరు చెప్పవచ్చు, ల్యాబులో ఒక ప్రయోగం ఇంకొకరు చేయించవచ్చు, ఎంట్రన్సుల ఫారాలు మరొకరు దగ్గరుండి నింపించవచ్చు. ఏ శనివారం ఎవరో సంఘం కార్యదర్శి ఒక పట్టిక రాసి హెడ్‌మాస్టరు గారి గదిలో అంటిస్తే సరిపోతుంది.

కోదాడ నుంచి మనకు అరగంట కూడా పట్టదు, సూర్యాపేట నుంచి బస్సు అయినా గంట లోపే. నా వంతుకు జనవరిలో మొదటి శనివారం రాసుకోమని కార్యదర్శి గారికి ఇప్పటికే చెప్పాను. మిగతా శనివారాలు ఖాళీగా ఉన్నాయి.