కరవుసీమలో బాటల కథ



ఈ పూట నేను తమకు మనవి చేయదలచినది రాజుల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్ర కాదు. మన కాళ్లక్రింది బాట చరిత్ర. మన అనంతపురపు మెట్టసీమలో నలుగురు పెద్దలు రచ్చకట్టపై కూడినప్పుడు వాన తరువాత ప్రస్తావనకు వచ్చునది రోడ్డే. గుంతలు పూడ్చలేదనువా డొకడు, మోరీ చిన్నదిగా కట్టిరనువా డొకడు, కూడలిలో ప్రాణములు పోవుచున్నను అడుగువారు లేరనువాడు మఱియొకడు. ఈ మాటలు వినని యూరు లేదు. అయితే ఈ బాధలు నిన్న మొన్న పుట్టినవి కావు. బాటను వేయువాడొకడు, దానిని దినదినము దాటవలసినవాడు మఱియొకడు అగుటయే వీనికి మూలమని నా యభిప్రాయము. ఆ సంగతిని చరిత్ర సాక్ష్యముతో విన్నవించెదను.

మొదట మాటలను చూతము. మన భాషలో త్రోవ, దోవ, బాట, దారి, రస్తా యని యెన్ని పేరులు! కాలిబాట వేరు, బండ్లబాట వేరు, పసులదోవ వేరు. నాలుగు త్రోవలు కలియు చోటికి శృంగాటకమనియు, చతుష్పథమనియు అమరకోశమున పేరులు కలవు. పేరు పెట్టిరనగా ఆ చోటును గూర్చి పూర్వులకు ప్రత్యేకమైన తలంపు కలదన్నమాట. 1909లో మైసూరున ఆర్. శామశాస్త్రిగారు అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున బాటల వెడల్పులు లెక్కకట్టి చెప్పబడినవి. గ్రామపు బాటకు ఎనిమిది దండములు. చెఱువులకును అడవులకును పోవు బాటకు నాలుగు దండములు. పెద్ద పసులు నడచు త్రోవకు నాలుగు మూరలు. మేకలు, గొఱ్ఱెలు, మనుష్యులు నడచు త్రోవకు రెండు మూరలు. అంతటితో నూరకుండక, మనుష్యులు మేకలు పోవు త్రోవ నడ్డగించినవానికి 12 పణములు, పెద్ద పసుల త్రోవ నడ్డగించినవానికి 24 పణములు దండుగ విధించినాడు. రథమునకు బాట విధించిన శాస్త్రకారుడే మేకకును బాట విధించెను. ఈ యొక్క సంగతిని మనసునందుంచుకొని ముందునకు పోదము.

మన సీమలో సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది వానయు కొన్ని దినములలోనే కుండపోతగా పడును. ఏడాది పొడుగునను ఇసుక మాత్రమే కనబడు వంక గడియలో నిండి పాఱును. కావున ఇచ్చట నీటిదారిని విడిచి మనుష్యుల దారిని మాత్రమే విచారించుట పొసగదు. పూర్వులు ఈ రెంటిని కలిపియే చూచిరి. 1364లో బుక్కరాయల మంత్రియైన చిక్కప్ప ఒడయరు పండమేటికి అడ్డముగా పెద్ద చెఱువు కట్టించెను. కట్ట యొక కొనను బుక్కరాయసముద్రమును, రెండవ కొనను అనంతసాగరమును వెలసినవి. ఆ రెండవదే నేటి అనంతపురము. నీటిని నిలుపుటకు వేసిన కట్టయే రెండూళ్ల నడుమ బాటయు నైనది. ఆ కట్ట తెగకుండుటకై ముసలమ్మ యను కోడలు తన ప్రాణముల నర్పించెనని జనులు చెప్పుకొందురు. ఆ కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా రచించిరి. కథలోని నిజానిజముల నటుంచుడు. మన సీమలో కట్ట తెగుట యనగా నీరు పోవుట మాత్రమే కాదు. దోవ తెగుట, పైరు పోవుట, ఊరు చెదరుట. కట్టను ప్రాణముతో సమానముగా నెంచిన జనుల జ్ఞాపకమే ఆ కథ.

1800లో నిజాము ప్రభువు ఈ ప్రాంతమును ఇంగ్లీషు కుంఫిణీకి దత్తము చేసెను. అందుచేతనే దత్తమండలములను పేరు వచ్చినది. థామస్ మన్రో 1807 వఱకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండి పాళెగాండ్ర నణచి రైతువారీ పద్ధతిని నిలిపెను. ఆ కాలమున సరకులను మోసినవి ముఖ్యముగా లంబాడీల పెరికెయెడ్లు. సముద్రతీరమునుండి ఉప్పు, ఇచ్చటినుండి ప్రత్తి, ధాన్యము వాని వీపులమీదనే పోయెడివి. పెరికెయెద్దునకు రాతిబాట యక్కఱలేదు. గడ్డియు, నీరును, దిగుటకు చోటును కావలెను. మన్రో 1827లో గవర్నరుగా నుండి ఈ సీమకు వచ్చి పత్తికొండలో వాంతిభేదితో మరణించినప్పుడు, మొదట గుత్తిలో పూడ్చిరి. ఆయన జ్ఞాపకార్థము పత్తికొండలో తోపు వేయించి మెట్లబావి త్రవ్వించిరి. బాటసారికి నీడయు నీరును ఇచ్చుటయే గొప్పవానికి తగిన స్మారకమని ఆనాటి పాలకులును ఎఱిగియుండిరి.

తరువాత వచ్చినది ధాత కరువు. ధాత, ఈశ్వర సంవత్సరములలో, అనగా 1876 మొదలు 1878 వఱకు, దత్తమండలములు మాడిపోయినవి. అప్పటికి అనంతపురము బళ్లారి జిల్లాలోని భాగము. మద్రాసునుండి కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు వఱకు రైలుదారి 1871 నాటికే పూర్తియైయుండెను. ధాన్యము రైలుపై గుత్తికి రాగలిగెను గాని, స్టేషనునుండి పల్లెకు చేరవలదా? మేత లేక యెడ్లు చచ్చినవి, బండ్లు నిలిచినవి. కరువు పనులని మట్టిరోడ్లు వేయించుటకు వేలకొలది జనులను పెట్టిరి. 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, అనగా సుమారు 450 గ్రాములును, కొద్దిపాటి రొక్కమును చాలునని నిర్ణయించెను. ఆ తిండితో మట్టి మోయువాడు బ్రదుకజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఎదిరించి వాదించెను. ఆ యేడే కూలి కొంత పెంచబడెను.

ఈ ఘట్టమును నేను జ్ఞాపకము చేయుటకు కారణము కలదు. ఆ రోడ్లకు మొదటి ప్రయోజనము ప్రయాణము కాదు, కూలి కొలత. గంప మట్టికి లెక్క కలదు గాని, ఆ బాట ఏ సంతకు పోవును, ఏ వంకను దాటును, రేపు దానికి మరమ్మతు ఎవరు చేయుదురను లెక్క వెనుకబడినది. రాయి పఱచని మట్టిరోడ్డు రెండు వానలకే కరగిపోవును. అందును తాడిపత్రి, గుత్తి తట్టున నల్లరేగడిలో వేసిన కట్ట ఎండకు నెఱ్ఱెలు విచ్చును, వానకు ఉబ్బును. మన తాతముత్తాతల చెమటతో, కొన్నియెడల ప్రాణములతో వేసిన బాటలకు ఈ గతి పట్టుట ఎంత దుఃఖకరము!

ఇక వ్యయము సంగతి. 1871 నాటి లోకల్ ఫండు చట్టముచే భూమి శిస్తుతోబాటు సెస్సు వసూలై, అందు కొంత రోడ్లకు పోయెడిది. 1882లో అనంతపురము వేఱు జిల్లా యయ్యెను. 1884 నాటి చట్టముతో జిల్లాబోర్డు, తాలూకాబోర్డులు వచ్చినవి. బండి తోలుకొనిపోవు రైతు టోలుగేటు కడ ఆగి మరల సుంకము చెల్లించెడివాడు. మోటారులు వచ్చిన పిమ్మట 1931 నాటి మద్రాసు మోటారువాహనముల పన్ను చట్టముతో ఆ గేట్లు పోయినవి. 1927లో నియమింపబడిన జయకర్ సంఘము సూచనపై 1929లో పెట్రోలు పన్నుతో కేంద్ర రోడ్డునిధి యేర్పడెను. 1943లో నాగపురమున ఇంజనీర్లు కూడి, రోడ్లను జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లారోడ్లు, గ్రామరోడ్లు అని విభజించిరి. విభజన మంచిదే. కాని రోడ్డునకొక యజమాని, మఱియొక రోడ్డునకు మఱియొక యజమాని యైనప్పుడు, ఆ రెండు రోడ్లును కలియు కూడలికి యజమాని యెవడు? పల్లెరోడ్డు పెద్దరోడ్డును ముట్టు చోటనే గుంత పడును, దీపము వెలుగదు, ప్రాణము పోవును. ఉమ్మడి గొడ్డునకు గడ్డి లేదన్నట్లు, ఉమ్మడి కూడలికి దిక్కు లేదు.

కాశీనుండి కన్యాకుమారి వఱకు పోవు ఏడవ నంబరు జాతీయ రహదారి మన గుత్తి, పామిడి, అనంతపురము, పెనుకొండల తట్టుగా పోయెడిది. 2010లో నంబరులు మార్చినప్పుడు అది శ్రీనగరు మొదలు కన్యాకుమారి వఱకు సాగు 44వ నంబరు రహదారిలో చేరినది. ఇప్పుడది నాలుగు వరుసల బాట. 2022లో మన జిల్లా రెండై పెనుకొండ తట్టు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, బాట మాత్రము రెంటికి నొకటియే. దానివలన మేలు లేదనుట కృతఘ్నత. చీనీకాయలు దూరపు మార్కెట్లకు వాడకముందే చేరుచున్నవి. ప్రసవవేదన పడు తల్లి ఆసుపత్రికి వేళకు పోగలుగుచున్నది. కాని దూరము పోవువానికి పదినిమిషములు మిగిల్చిన బాట, అడ్డముగా దాటవలసిన వానికి అరగంట కలిపినది. 1931లో పోయిన టోలుగేటు టోల్ ప్లాజాయై తిరిగివచ్చినది గాని, మన్రో పేర వేసిన తోపు, త్రవ్విన బావి వంటివి దాని వెంట రాలేదు.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండినవాడను. నేను పనిచేసిన యూళ్లలో నొకదానియందు ఊరు రోడ్డునకు పడమట, బడి తూర్పున నుండెను. రోడ్డు వెడల్పై నడుమ డివైడరు లేచిన పిమ్మట, దాటుటకు విడిచిన సందు మైలునకు పైగా దూరమయ్యెను. ఎనిమిదేండ్ల బిడ్డ మైలు పోయి మైలు వచ్చునా? పిల్లలు గోడ దూకుచుండిరి. రైతులు ఎడ్లబండిని ఎదురు వరుసలో తోలుచుండిరి. ఉపాధ్యాయులము వంతులవారీగా ఉదయము సాయంకాలము నిలిచి, చేయి అడ్డముపెట్టి పిల్లలను దాటించుచుంటిమి. అర్జీలు పెట్టితిమి. ఒక కచేరీవారు అది తమ పరిధి కాదనిరి. మఱియొక కచేరీవారు పటము ముందే ఖరారైనదనిరి. ఇట్టిచోట నియమము తప్పినవాడని పల్లెవానిని నిందించుట సులభము. నియమమే వాని నడకను తప్పించి వ్రాయబడినదని గ్రహించుట కష్టము.

నీటిదారి సంగతియు నింతే. వంక వెడల్పు నూఱడుగులుండగా రోడ్డుక్రింద రెండు తూములు పెట్టిన, కరువేటిలో నెవ్వరికి తెలియదు. 2022 అక్టోబరులో పెద్దవానలు పడినప్పుడు అనంతపురమున నడిమివంక పొంగి పల్లపు కాలనీలు మునిగినవి. కరువుసీమలో వరద యేమని పరదేశులు ఆశ్చర్యపడిరి. వంకలో ఇండ్లు కట్టి, నీటిత్రోవను ఇఱుకు చేసినచోట నీరు తన పాతదారిని వెదకికొనునని మన ముసలివారికి తెలియును. చెఱువునకు పోవు వాగును రోడ్డు కట్ట అడ్డగించినచో, ఒక తట్టు ముంపు, రెండవ తట్టు ఎండు. రెండును ఒకే తప్పునకు ఫలములు.

ఇంతకును కర్తవ్యమేమి? రోడ్లు వలదనుట కాదు. రోడ్డు పటము గీయుటకు ముందే ఊరు మాటలాడవలెను. 1956 నాటి జాతీయ రహదారుల చట్టమున భూమి తీసికొందుమను ప్రకటన వెలువడిన 21 దినములలో, ఆ భూమియందు హక్కుగలవారు ఆక్షేపణ తెలుపుకొనవచ్చును. ఆ ప్రకటన సారాంశము తెలుగు పత్రికలోను పడును. కాని మనవారు పరిహారపు ధర నడుగుటకే మేల్కొందురు. దాటు చోటు నడుగుటకు మేల్కొనరు. డబ్బు ఒక తరమునకు ముట్టును. దాటు చోటు పది తరములకు కావలెను.

కావున గ్రామసభలో పెద్దలు మూడు ప్రశ్నలు వేసి, జవాబును వ్రాతమూలకముగా గైకొనవలెను. మా పిల్లలు, పసులు, బండ్లు ఎచ్చట దాటును? మా వంకనీరు ఎన్ని అడుగుల సందున పోవును? ఈ కూడలికి దీపము పెట్టి గుంత పూడ్చు బాధ్యత ఏ కచేరీది? వంక ఎంత యెత్తున పాఱినదో, పసులు ఏ దోవన మేతకు పోవునో పటము గీయు ఇంజనీరునకు పుస్తకములో దొరకదు. అది తమ జ్ఞాపకమందున్నది. ఆ జ్ఞాపకమును కాగితముపై పెట్టించి, వ్రేలు పెట్టి చూపి, పటములోని కెక్కించుట పెద్దల ధర్మము. తారు పడిన పిమ్మట చెప్పిన మాట గోడు అగును. తారు పడకమునుపు చెప్పిన మాట ఆలోచన యగును.