మూత్రపరీక్షలో ఆ లక్ష ఎక్కడిది?

మూత్రం మంటగా ఉంటే మన ఇళ్లలో ముందు "వేడి చేసిందమ్మా" అంటారు. బార్లీ నీళ్లు, మజ్జిగ అయ్యాకే డాక్టరు. సరే, ఆయన రాసిన కల్చర్ పరీక్ష కాగితం మీద "లక్ష" అనే అంకె చూశారా? దాని కథ చెప్పుకుందాం.

1950ల్లో అమెరికాలో, బోస్టన్ సిటీ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడుండేవారు. సీసాలో పట్టిన మూత్రంలో ఒంటిమీది సూక్ష్మజీవులూ కలుస్తాయి కదా! మరి జబ్బువేవి, పైనుంచి కలిసినవేవి? ఆయన ఓపిగ్గా లెక్కపెట్టారు. మిల్లీలీటరుకు లక్ష, ఆపైన ఉంటే లోపల పెరుగుతున్నవేనని 1956లో తేల్చారు.

ఆ లెక్కతోనే గర్భిణులను చూస్తే, ఏ బాధా లేనివారిలోనూ కొందరికి లక్ష దాటింది! మందివ్వకపోతే వారిలో చాలామందికి మూత్రపిండాలకు జబ్బు పాకింది; ఇచ్చినవారికి బాగా తగ్గింది. కడుపుతో ఉన్నవాళ్లకు మూత్రపరీక్ష అందుకే.

కానీ అంకె ఉంటే చాలు, మనిషిని చూడటం మానేస్తాం! ఆసుపత్రుల్లో ట్యూబు వేసిన ముసలివాళ్లకు జ్వరం, మంట లేకున్నా, కాగితంలో లక్ష కనిపించిందని యాంటీబయాటిక్ రాసేశారు. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2005లో, మళ్లీ 2019లో అది వద్దంది. గర్భిణులకు, మూత్రమార్గంలో కొన్ని ఆపరేషన్ల ముందు మాత్రం తప్పదట.

అనవసరంగా మందు వాడితే సూక్ష్మజీవులు దానికి అలవాటుపడతాయి. 2008లో స్వీడన్‌లో ఒక రోగి మూత్రంలో కార్బాపెనెమ్ వంటి గట్టి మందులకూ లొంగని క్లెబ్సియెల్లా దొరికింది. ఆయన అంతకుముందు న్యూఢిల్లీ ఆసుపత్రిలో ఉండి వెళ్లినవారే.