పూరేడు పుట్టుపూర్వోత్తరాలు

గడ్డి బీళ్లలో, చేల గట్ల మీద కాళ్ల దగ్గర నుంచి బుర్రుమని లేచే చిన్న పిట్టను చూసి చాలామంది కౌజు అనేస్తారు. అది పూరేడు కూడా కావచ్చు. రెంటిదీ గుండ్రటి ఒళ్లు, పొట్టి తోక, ఎండుగడ్డిలో కలిసిపోయే చారల ఈకలు. పోలిక ఇంతగా ఉన్నా వీటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. ఆ సంగతి తేలడానికి శాస్త్రానికి రెండు శతాబ్దాలు పట్టింది.

తేడా పాదంలో ఉంది. కౌజుకు కోడికి మల్లే ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి. పూరేడుకు వెనక వేలు లేదు. కౌజు కళ్లు ముదురు రంగు, పూరేడు కళ్లు పాలిపోయిన తెలుపు. లేపినప్పుడు కౌజు కాస్త దూరం ఎగిరిపోతుంది. పూరేడు నాలుగడుగుల్లోనే గడ్డిలోకి దిగి, మళ్లీ లేవడానికి ఓ పట్టాన ఒప్పుకోదు.

అసలు విడ్డూరం కాపురంలో ఉంది. పూరేళ్లలో ఆడదే పెద్దది, రంగు కూడా దానిదే ఎక్కువ. జతకట్టే కాలంలో దాని గొంతు మీద నల్లటి మచ్చ కనిపిస్తుంది. మోటారు దూరంగా మోగుతున్నట్టు కూసి మగదాన్ని పిలిచేదీ, సాటి ఆడవాటితో పోట్లాడేదీ అదే. సాధారణంగా నాలుగు గుడ్లు పెట్టి, పొదిగే పని మగదానికి వదిలి ఇంకో మగదాన్ని వెతుక్కుంటుంది. పిల్లల్ని తిప్పుకునేది తండ్రే. కౌజుల్లో కూసేది మగది, పొదిగేది ఆడది.

ఈ స్వభావం మన వేటగాళ్లకు బాగా తెలుసు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, నెల్లూరులోనూ ఉన్న థామస్ జెర్డన్, 1862-64 మధ్య వచ్చిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో వాళ్ల పద్ధతి వివరించాడు. చిన్న బోనులో పెంపుడు ఆడపూరేడును పెట్టి పొదల్లో ఉంచేవారు. దాని కూత విని అడవి పూరేడు పోట్లాటకు దూకేది. ఊచల మధ్య కట్టిన దారం తెగి బోను మూసుకునేది. అప్పట్లో కర్ణాటక్ అని పిలిచిన ప్రాంతంలో ఒక్కరోజే పన్నెండు నుంచి ఇరవై దాకా పట్టడం తనకు తెలుసనీ, చిక్కేవన్నీ ఆడవేననీ రాశాడు. పోట్లాడేది ఆడదని తెలిసినవాడే ఇలాంటి బోను పన్నగలడు.

శాస్త్రం మాత్రం రూపం దగ్గరే చాలాకాలం తడబడింది. 1789లో గ్మెలిన్ అనే శాస్త్రవేత్త ఈ పిట్టను గ్రౌజ్ పక్షుల ప్రజాతిలో చేర్చి పేరుపెట్టాడు. 1791లో బొన్నతెర్ అనే మరో శాస్త్రవేత్త పూరేళ్లకు టర్నిక్స్ అనే ప్రత్యేక ప్రజాతి ఇచ్చాడు. తర్వాత కొంగల్లాంటి క్రేన్ పక్షుల వర్గంలోకి మార్చారు. 2000 తర్వాత డీఎన్ఏ పరిశోధనలతో అసలు ఇల్లు తెలిసింది. పూరేడు సముద్రపు గల్ పక్షుల, తీరపు పక్షుల వర్గానికి చెందింది. నేల మీద గడ్డిలో నక్కి, గింజలూ పురుగులూ ఏరుకునే బతుకు రెండు వేర్వేరు వంశాలకు ఒకే రూపం ఇచ్చింది.

ఈ కొత్త లెక్కలో మన కడప కలివికోడి కూడా పూరేడుకు బంధువే అవుతుంది. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనబడింది. లోకానికి దాన్ని మొదట పరిచయం చేసిందీ జెర్డనే. ఆ రెండు పక్షులూ ఒకే వర్గానివని ఊహించే ఆధారం ఆయన కాలంలో లేదు.

బజారులో కౌజు పేరుతో అమ్మేది ఫారాల్లో పెంచే జపాన్ కౌజు. బీళ్లలో తిరిగే కౌజునూ పూరేడునూ పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇప్పుడు వాటి తేడా తెలుసుకోవాల్సింది బోనుతో కాదు, చెవితో, కంటితో. జతకట్టే కాలంలో గడ్డిలోంచి మోటారులా మోగే కూత వినబడితే, అది ఆడపూరేడు అని గుర్తుపట్టండి. దాని పిల్లల్ని తిప్పుతున్న మగది దగ్గర్లోనే ఉండొచ్చు. ఆ బీడును దున్నకుండా వదిలితే రెండూ బతుకుతాయి.