ధవళేశ్వరం పనిలో మతమూ అధికారమూ

పై అధికారి మతం కింది ఉద్యోగి మీద ఎంతవరకు ప్రసరించవచ్చు? విదేశీ కార్యాలయాల్లో పనిచేసే మనవారు, తోటివారి నుండి ప్రార్థన కూటానికి పిలుపు వస్తే వెళ్ళాలా మానాలా అని తర్కించుకోవడం విన్నదే. ఈ సందేహం కంప్యూటరు ఉద్యోగాలతో పుట్టినది కాదు. గోదావరి ఒడ్డున దీనికి నూట డెబ్బై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

కరువులూ, 1839 నాటి కోరంగి ఉప్పెనా ఈ సీమను కుంగదీశాయి. 1821లో 7,38,308గా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఆ దుస్థితిలోనే ఆర్థర్ కాటన్ ఆనకట్టను ప్రతిపాదించాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా సాగిన ఆ నిర్మాణంలో ఇంగ్లీషు ఇంజనీర్లు, దేశీయ ఉద్యోగులు, వడ్రంగులు, కమ్మరులు, వేలాది కూలీలు ఒకేచోట శ్రమించారు. భాష వేరు, దేవుడు వేరు, పంక్తి వేరు. పని మాత్రం ఒకటి.

కాటన్ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. క్రైస్తవులమని చెప్పుకొనే పాలకులు నీరుండీ ప్రజలను కరువుకు వదిలేయడం అపచారమన్నది ఆయన వాదసారం. అంటే ఆయన మతం బోధలో కన్నా పనిలో వ్యక్తమయింది. ఆయన కింద ఎదిగి రాయ్ బహద్దూర్ బిరుదు పొందిన వీణం వీరన్న స్వధర్మంలోనే కొనసాగాడు. అది వారి మైత్రికి అడ్డు కాలేదు. జనం సైతం కాటన్‌ను తమ పురాణంలోకే తీసుకున్నారు. ఆయనను భగీరథునితో పోల్చే సంస్కృత శ్లోకం గోదావరి తీరాన నేటికీ వినవస్తుంది. బైబిలు చదివే దొర స్నాన సంకల్పంలో చేరడం ఒక విచిత్ర సమన్వయం.

అదే కాలంలో అధికారం లేని విశ్వాసులు ఇద్దరు ఈ సీమలో తిరిగారు. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుండి 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. నరసాపురం కేంద్రంగా పనిచేసిన వీరికి ఏ మిషను సంస్థా జీతం ఇవ్వలేదు. ఆనకట్ట కూలీల మధ్య కూడా వీరు సువార్త చెప్పారు. తోలుపని చేసేవాణ్ణి ఊరి వెలుపల ఉంచిన సమాజంలో, దొరల జాతికి చెందిన ఒక చెప్పులు కుట్టేవాడు బోధకుడై నిలవడం చిన్న విషయం కాదు. వీరి సంఘాలు ఎక్కువగా మాల, మాదిగ పేటల్లో వేళ్ళూనాయి. కాటన్ పేరు ఊరంతా తలుచుకుంటుంది. వీరి పేర్లు ఆ పేటలు దాటి అంతగా వినిపించవు.

ఇక మూడవ దారి ఫెలిక్స్ హెయిగ్‌ది. గన్నవరం అక్విడక్టు కట్టిన ఈ ఇంజనీరు, తరువాత ఎగువ గోదావరిలో దుమ్ముగూడెం పనులకు అధికారి అయ్యాడు. ప్రభుత్వం ప్రజల మతంలో జోక్యం చేసుకోదని 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటించింది. రెండేళ్ళకే, 1860లో, హెయిగ్ చొరవతో కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ కార్యం మొదలైంది. హెయిగ్ కింద కమిసేరియట్ విభాగంలో పనిచేసిన ఐ. వెంకటరామరాజు క్రైస్తవం స్వీకరించి, ఉద్యోగం వదిలి, కోయల మధ్య బోధకుడయ్యాడు.

రాజుగారి మార్పు అధికారి మెప్పు కోసమని తేలిగ్గా కొట్టివేయలేం. మెప్పు కోరేవాడు ఉద్యోగం వదులుకోడు. అయినా సందేహం పూర్తిగా తీరదు. పై అధికారి ప్రార్థన జరిపేచోట, రానివాడి గైర్హాజరు కూడా లెక్కకు వస్తుంది. జీతం ఇచ్చే చేయి, గ్రంథం చూపే చేయి ఒకటే అయినప్పుడు కిందివాడి అంగీకారంలో స్వేచ్ఛ ఎంతో కొలవడానికి ఏ కొలబద్దా లేదు.

అందువల్లనే కాటన్, వీరన్నల బంధం నాకు విలువైనదిగా తోస్తుంది. ఒకరు తన విశ్వాసాన్ని దాచుకోలేదు, మరొకరు తన ఆచారాన్ని విడువలేదు. వారిద్దరూ పంచుకున్నది నీటిని. బౌడెన్, బీర్‌ల దారి కూడా గౌరవనీయమే. వినకపోతే కూలి పోతుందని భయపెట్టగల అధికారం వారి చేతిలో లేదు. విశ్వాసం పనిలోకి రావడంలో తప్పు లేదు. అది హాజరుపట్టీలోకి రాకూడదన్నదే ఈ చరిత్ర నుండి నేను గ్రహించినది.