రంగం వెళ్ళిన కాపురాలు

శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో "ఫలానావాడు రంగం వెళ్ళిపోయాడు" అన్న మాట మీలో కొందరైనా వినే వుంటారు. ఆ రంగం మరేదో కాదు, బర్మాలోని రంగూన్ పట్నం. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. ఇంట్లో అప్పులు పెరిగినా, పంట పోయినా, అన్నదమ్ములు తగువులాడుకున్నా రంగమే దారి. జానపదుల పాటల్లోకి కూడా ఎక్కింది ఆ పేరు.

1852లో ఇంగ్లీషువాళ్ళు రంగూన్‌ని ఆక్రమించుకుని, కొత్తగా వీధులు తీర్చి పట్నం కట్టారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరపులో గిరాకీ పెరిగింది. కోతలకీ, మిల్లులకీ, రేవులో బస్తాలు మొయ్యటానికీ మనుషులు కావలసివచ్చారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఆగే స్టీమర్ల డెక్కు మీద పడుకుని మనవాళ్ళు వెళ్ళేవారు. కాకినాడ దగ్గర కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. 1839 తుపానులో అది పాడైపోయినా, రంగూన్‌లో తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అన్న పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ పిలుపులో గౌరవం ఏమీ లేదు లెండి.

రంగూన్‌లో చాలా వీధులకి పేర్లు లేవు, నెంబర్లే. అక్షరం రానివాడైనా నెంబరు గుర్తుపెట్టుకుంటే బసకి చేరుకోగలడు. ఆ బస ఎలాంటిదంటారా? పొడుగాటి ఇరుకు గది. అందులో ఇరవైమందో ముప్ఫైమందో. పగటి పనివాళ్ళు లేచిన చోట రాత్రి పనివాళ్ళు పడుకోవడం. తీసుకువెళ్ళిన మేస్త్రీ ఊళ్ళోనే అడ్వాన్సిచ్చి వుంటాడు గనక, కూలి డబ్బు ముందు అతని చేతికే వెళుతుంది. తన వాటా, అప్పు పట్టుకోగా మిగిలింది కూలివాడిది. రిక్షా లాగేవాళ్ళూ మనవాళ్ళే ఎక్కువ. రిక్షాని అక్కడ "లాంచా" అనేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో వున్న సుమారు నాలుగు లక్షల మందిలో సగానికి పైగా భారతీయులే. వాళ్ళలో ఆడవాళ్ళు బహు తక్కువ.

చరిత్ర పుస్తకాల్లో ఓడల లెక్కలూ, బియ్యం టన్నులూ వుంటాయి గానీ, ఆ కొద్దిమంది ఆడవాళ్ళు పొయ్యి ఎలా వెలిగించుకున్నారో వుండదు. నాకు మటుకు అదే ముఖ్యమనిపిస్తుంది. ముందు వాన సంగతి చూడండి. మే నుంచి అక్టోబరు దాకా ఏడాదికి ఇంచుమించు 100 అంగుళాలు. విశాఖపట్నంలో పడేదానికి రెట్టింపు పైమాటే. బట్టలు ఆరవు, పప్పులు మెత్తబడతాయి, ఆవకాయ జాడీకి బూజు పట్టకుండా కాపాడుకోవడం ఒక తపస్సు. తర్వాత బజారు. అక్కడ బజారంతా ఆడవాళ్ళదే. బేరమాడేదీ, డబ్బు లెక్కపెట్టేదీ, కొట్టు నడిపేదీ బర్మా స్త్రీలే. ఆస్తిలో వాళ్ళకి హక్కుంది. ఘోషా లేదు. నోట్లో లావుపాటి చుట్ట పెట్టుకుని తూకం వేస్తుంటే మన ఇల్లాలు విస్తుపోయిందని అనుకోకండి. మన ఉత్తరకోస్తాలో అడ్డపొగ తాగే అవ్వలు లేరా? పైగా ఆ చుట్టల్లోకి మన గోదావరి లంకల పొగాకు కూడా ఓడలెక్కి వెళ్ళేది!

"ఙపీ" అని చేపల్నీ రొయ్యల్నీ పులియబెట్టి చేసే ముద్ద వుంటుంది. అది లేకుండా బర్మావాళ్ళకి ముద్ద దిగదు. కొత్తగా వెళ్ళినవాళ్ళకి ఆ వాసన భరించడం కష్టమే. మన ఎండుచేపల వాసన పక్కింటివాళ్ళకి మాత్రం పన్నీరులా వుంటుందా? అయితే ఆ బజారులోనే గోంగూర కట్టలు కనిపిస్తాయి. బర్మావాళ్ళు దాన్ని "చిన్‌బౌంగ్" అంటారు. ఎండురొయ్యలో వెదురుకొమ్మో వేసి వండుకుంటారు. పరాయిదేశంలో గోంగూర కనిపిస్తే మన మనిషి ప్రాణం ఎంత లేచివస్తుందో మీకు వేరే చెప్పాలా? అలాగే గుండ్రటి రాతిపలక మీద నీళ్ళు చల్లి "థనకా" చెట్టు బెరడు అరగదీసి బుగ్గలకి రాసుకుంటారు. మనం గంధం తీసినట్టే. బజారు మాటలతో పాటు ఇలాంటివి కూడా మన ఆడవాళ్ళు వాళ్ళని చూసే నేర్చుకున్నారు.

కానీ పొట్టకూటి దగ్గర స్నేహాలు చెడిపోయాయి. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు సమ్మె చేస్తే, ఓడల కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నాయి. ఆ మంట మే 26న మనవాళ్ళ మీద పడింది. వందకు పైగా చనిపోయారు. లాభం చేసుకున్న కంపెనీలకి గీతైనా పడలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు బాంబులు వేశాయి. వీధిలో నిలబడి ఆకాశంలోకి వింతగా చూస్తున్నవాళ్ళు ఎందరో పోయారు. 1942 మార్చిలో పట్నం జపాను వశమైంది. ఓడ టిక్కెట్టు దొరికినవాళ్ళు బతికిపోయారు. మిగిలినవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని అరకాన్ కొండల మీంచీ, మణిపూర్ అడవుల్లోంచీ నడిచారు. కలరాతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవాళ్ళు వేలకు వేలు.

అయినా కొందరు వుండిపోయారు, కొందరు యుద్ధం తర్వాత తిరిగి వెళ్ళారు. 1964లో బర్మా ప్రభుత్వం కొట్లన్నీ జాతీయం చేశాక మళ్ళీ ఓడలెక్కారు. ఒంటిమీది బంగారం కూడా పూర్తిగా తెచ్చుకోనివ్వలేదు. విశాఖపట్నంలో "బర్మా క్యాంపు" అనే పేట అలా వెలిసిందే. రంగూన్‌లో పుట్టి, అక్కడే పెళ్ళాడి, పిల్లల్ని కన్న ఆడవాళ్ళకి ఈసారి విశాఖపట్నమే పరాయిఊరు. అక్కడ వీధి నెంబరు చెబితే చాలు, ఇక్కడ ఊరూ, కులమూ, ఇంటిపేరూ చెబితేగాని ఇల్లు అద్దెకివ్వరు! మీరు ఎప్పుడైనా చెన్నై వెళితే బీచ్ స్టేషన్ దగ్గర బండ్ల మీద "అథో" అమ్ముతుంటారు. నూడుల్సులో ఉల్లిపాయ, క్యాబేజీ, చింతపండు పులుసూ వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కన అరటిదూట వేసిన సూపు. తమిళులూ తెలుగువాళ్ళూ అలా ఓడల్లో తిరిగి వచ్చినప్పుడు వాళ్ళతోపాటు వచ్చిన వంట అది.