ఫ్లానన్ దీపస్తంభ రహస్యము

స్కాట్లండునకు వాయవ్యదిశయందు, హెబ్రిడీస్ ద్వీపములలో పెద్దదియగు లూయిస్‌కు పడమరగా సుమారు 32 కిలోమీటర్ల దూరమున, అట్లాంటిక్ మహాసముద్రమున ఫ్లానన్ దీవులను శిలాద్వీపసమూహమొకటి కలదు. అందు మిక్కిలి విశాలమైన ఐలీన్ మోర్ ద్వీపముమీది దీపస్తంభమునుండి 1900 డిసెంబరులో ముగ్గురు దీపరక్షకులు జాడ తెలియకుండ అదృశ్యులైరి. వారి దేహములు ఏనాడును లభింపలేదు. ఈ సంఘటనను గూర్చి కవులును, పత్రికారచయితలును కల్పించిన వింతలు అసలు వృత్తాంతముకంటె మిక్కుటముగా వ్యాపించినందున, సమకాలికపత్రములలో నున్నదానిని, పిమ్మట వచ్చి చేరినదానిని వేరుపరచి చూడక ఈ విషయమున ఒక్క అడుగైనను వేయరాదు.

ఈ దీవులకు ఫ్లానన్ అను ప్రాచీన క్రైస్తవసాధువు పేరు వచ్చినది. ఆయన పేర వెలసిన చిన్న ప్రార్థనామందిరపు శిథిలము ఐలీన్ మోర్ మీద నేటికిని కనబడును. మానవనివాసములేని ఈ ద్వీపమునకు లూయిస్ ప్రజలు గొఱ్ఱెలను మేపుకొనుటకును, సముద్రపక్షులను వేటాడుటకును పడవలపై వచ్చిపోవుచుండిరి. వారు ఒడ్డున కాలు మోపగానే టోపీలు తీసి, సూర్యుడు తిరుగుదిశలో ప్రదక్షిణము చేసి, తమ్ము క్షేమముగా దరిచేర్చిన దైవమునకు కృతజ్ఞత తెల్పుచుండెడివారని పదునేడవ శతాబ్దాంతమున ఆ ప్రాంతములను వర్ణించిన మార్టిన్ మార్టిన్ వ్రాసియున్నాడు. ఈ ఆచారమును కొందఱు ద్వీపముమీది శాపమునకు నిదర్శనముగా చూపుదురు గాని, అట్టి సముద్రమును దాటివచ్చినవాడు దేవునికి దండము పెట్టుటలో విపరీతమేమియు లేదు.

స్కాట్లండు తీరమునందలి దీపములను పాలించు నార్దర్న్ లైట్‌హౌస్ బోర్డువారు ఇచ్చట దీపస్తంభము కట్ట నిశ్చయింపగా, ప్రసిద్ధరచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్‌కు పెదతండ్రి కుమారుడును, వంశపారంపర్యముగా దీపస్తంభనిర్మాణమున చేయితిరిగినవాడును అగు డేవిడ్ ఆలన్ స్టీవెన్‌సన్ దానికి రూపకల్పన చేసెను. కట్టడమునకు కావలసిన సామగ్రినంతయు నిట్రమైన కొండచఱియలమీదుగా పైకి చేర్చవలసివచ్చుటచే 1895లో ఆరంభమైన పని ముగియుటకు నాలుగేండ్లు పట్టినది. 23 మీటర్ల ఎత్తుగల ఈ స్తంభము 1899 డిసెంబరు 7వ తేదీన మొదటిసారి వెలిగినది. ఏ దిక్కునుండి తరంగములు వచ్చినను రెండవవైపున దిగుటకు వీలుగా తూర్పున నొకటి, పడమట నొకటి రేవులు ఏర్పఱచి, అచ్చటినుండి సరకులు చేరవేయుటకు మెట్లును, క్రేనులును, చిన్న పట్టాలబాటయు అమర్చిరి.

నలుగురు దీపరక్షకులలో ఎల్లవేళల మువ్వురు ద్వీపమున నుండగా నాల్గవవాడు వంతు ప్రకారము లూయిస్‌లోని బ్రెస్క్లిట్ గ్రామమున తన కుటుంబముతో విశ్రాంతి తీసికొనుట ఏర్పాటు. టెలిగ్రాఫ్ తీగ లేని ఆ ద్వీపపు యోగక్షేమములు తెలిసికొనుటకు లూయిస్ పశ్చిమతీరమున దీపమును కనిపెట్టుచుండుమని ఒకని నియమించిరి. అయితే పొగమంచు కమ్మినప్పుడు దినములతరబడి దీపము కానరాకపోవుట అచ్చట సామాన్యము. 1900 డిసెంబరు 12వ తేదీన కనబడిన దీపము ఆపైన కనబడకున్నను ఆతడు కలవరపడకపోవుటకు ఇదియే హేతువు.

ఆ సమయమున ద్వీపముపై నున్నవారు ప్రధానరక్షకుడు జేమ్స్ డ్యుకాట్, ద్వితీయసహాయకుడు థామస్ మార్షల్, అస్వస్థుడై సెలవుపై వెళ్ళిన ప్రథమసహాయకునికి బదులుగా వచ్చిన తాత్కాలికరక్షకుడు డానల్డ్ మకార్థర్. డ్యుకాట్ ఇరువదియేండ్లకు పైబడి ఈ వృత్తిలో నున్న గృహస్థుడు. మార్షల్ అవివాహితుడు. డిసెంబరు 15వ తేదీ రాత్రి ఫిలడెల్ఫియానుండి లీత్ రేవునకు పోవుచు ఆ చేరువనే సాగిన ఆర్క్టార్ అను స్టీమరు వారు దీపము వెలుగకుండుట గమనించిరి గాని, ఆ ఓడయే దారిలో రాతిపై నెక్కి ఆపదపాలగుటచే ఈ సమాచారము అధికారులకు సకాలమున అందలేదు. 20వ తేదీన వంతు మార్చుటకు పోవలసిన హెస్పెరస్ ఓడ తుపానుగాలులచే ఆగిపోయి 26వ తేదీ మధ్యాహ్నమునకు గాని ద్వీపమును చేరలేదు.

ధ్వజస్తంభమున పతాకము లేదు, రేవులో ఖాళీ సరకుపెట్టెలు లేవు, ఎదురువచ్చువాడు లేడు. కప్తాను హార్వీ ఈలవేయించి, తారాజువ్వ వదిలినను బదులు రాకపోగా, వంతునకు వచ్చిన జోసెఫ్ మూర్ ఒంటరిగా ఒడ్డెక్కి పైకి పోయెను. ప్రహరీద్వారమును, ఇంటితలుపును మూసియుండెను. గడియారము నిలిచిపోయెను, పొయ్యిలో నిప్పు చల్లారి దినములు గడచినట్లు తోచెను. మూర్ భయవిహ్వలుడై పరుగున వచ్చి ఓడవారికి తెలిపి, మఱల వారితో వెళ్ళి చూడగా, దీపము తుడిచి, నూనె నింపి, ఆ రాత్రి వెలిగించుటకు సిద్ధపఱచబడియుండెను. హార్వీ లూయిస్‌కు తిరిగిపోయి టెలిగ్రాం పంపగా, మూరును, ముగ్గురు స్వచ్ఛందనావికులును ద్వీపమున నిలిచి ఆనాటినుండి దీపము వెలిగించిరి.

29వ తేదీన విచారణకై వచ్చిన పర్యవేక్షకుడు రాబర్ట్ మ్యూర్‌హెడ్ అదృశ్యులైన ముగ్గురిని స్వయముగా ఎఱిగినవాడు. 1901 జనవరి 8వ తేదీ నాటి ఆతని నివేదిక ఈ చరిత్రకు మూలాధారము. చిట్టాపుస్తకమున 13వ తేదీ వఱకు వ్రాతలుండగా, తరువాతివి, 15వ తేదీ ఉదయము 9 గంటలనాటి గాలి, వాయుభార వివరములతో సహా, పుస్తకమున కెక్కించుటకై పలకమీద సుద్దతో వ్రాయబడియుండెను. వంటపాత్రలు కడిగి సర్దియుండుటనుబట్టి మధ్యాహ్నభోజనమైన పిమ్మటనే, అనగా ఆ శనివారము అపరాహ్ణమున, ప్రమాదము జరిగియుండవలెనని మ్యూర్‌హెడ్ ఊహించెను.

తూర్పురేవు చెక్కుచెదరలేదు. పడమటిరేవున మాత్రము సముద్రమునకు 33 మీటర్ల ఎత్తున రాతిపగులులో భద్రపఱచిన తాళ్ళపెట్టె పగిలి చెల్లాచెదరైయుండెను, ఇనుపకమ్ములు వంగిపోయెను, ఒక టన్నుకు మించిన బండరాయి తన చోటు విడిచి కదలియుండెను, 60 మీటర్లకు పైబడిన కొండకొమ్మున పచ్చికగడ్డ అంచునుండి 10 మీటర్ల దూరమువఱకు పెల్లగిలియుండెను. అంత ఎత్తునకు నీరెగయునా యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. ఆ తీరమున సముద్రము ఇఱుకైన రాతిసందులలోనికి చొఱబడి, వెనుదీయ దారిలేక పైకి చిమ్ముకొనుటయే దీనికి కారణము. తాళ్ళపెట్టెను కట్టివేయుటకై పోయినవారిమీదికి ఇట్టి పెనుకెరటమొకటి కొండగోడవెంట లేచి, వారి తలలపై విఱిగిపడి కొట్టుకొనిపోయినదని మ్యూర్‌హెడ్ నిర్ణయము. మార్షల్ అంతకుముందొకసారి సామగ్రి సముద్రముపాలైనందుకు ఐదు షిల్లింగుల జరిమానా చెల్లించుకొన్నవాడని తరువాతి పరిశోధకులు వెలికితీసిన సంగతి దీనికి కొంత బలము చేకూర్చుచున్నది.

ఇంత నిరాడంబరమైన నిర్ణయము లోకమునకు రుచింపలేదు. 1912లో విల్‌ఫ్రిడ్ విల్సన్ గిబ్సన్ అను ఆంగ్లకవి రచించిన ఖండికలో ముట్టని భోజనమును, పడదోసిన కుర్చీయు ప్రవేశింపగా, అవి కవిసృష్టియనుట మఱచి జనులు సాక్ష్యముగా చెప్పుకొనసాగిరి. కడిగిన పాత్రలు మాత్రము ఎవ్వరికిని జ్ఞాపకము రాలేదు. మార్షల్ వ్రాసినట్లుగా చెలామణియగు దినచర్యభాగము మఱింత దుష్టమైనది. మునుపెన్నడు చూడని తుపాను చెలరేగినట్లును, రాటుదేలిన మకార్థర్ విలపించినట్లును, అందఱు ప్రార్థించినట్లును అందు కలదు. ఇది 1929లో ఒక అమెరికా వినోదపత్రికలో తొలిసారి కనబడినదే గాని అధికారపత్రములలో దీని ఊసు లేదు; పైగా తోటివారి మనోవ్యథను ప్రధానరక్షకుడు తనిఖీచేయు పుస్తకమున సహాయకుడు వ్రాసిపెట్టుట నమ్మదగినది కాదు. సముద్రసర్పము, పిశాచము, విదేశగూఢచారులు మున్నగు తక్కిన కథలను విమర్శించుట కాలహరణము. ఒకడు పిచ్చియెత్తి తక్కినవారిని చంపెనను వాదమునకును ఇంటిలో పెనుగులాట చిహ్నమొక్కటియు తోడురాలేదు.

అయినను మ్యూర్‌హెడ్ నిర్ణయముతో సర్వము తీరినదని చెప్పవలనుపడదు. డ్యుకాట్, మార్షల్‌లు రేవునకు పోవునప్పుడు మాత్రమే తొడుగుకొను బూట్లును, వానకోటులును ఇంట లేవు; మకార్థర్ కోటు మాత్రము కొక్కెమునకు వ్రేలాడుచుండెను. అనగా నడిచలికాలమున ఆతడు చొక్కాతోనే బయటికి పోయెనన్నమాట. దీపస్తంభమును ఒక్కడైనను విడువకుండవలెనను నియమమును ఆతడేల అతిక్రమించెను? ఒకడు నీట పడగా రెండవవాడు సహాయమునకై పరుగెత్తివచ్చి ఈతనిని పిలిచెననియు, మువ్వురును రక్షింపబోయి మునిగిరనియు కొందఱందురు. పెద్దకెరటములు వరుసగా వచ్చుట పైనుండి చూచి, క్రిందివారిని హెచ్చరింప ఈతడు ఉన్నపాటున ఉఱికెనని మఱికొందఱి తలంపు. ఈ రెండవది సమంజసముగా తోచును గాని, అంత తొందరలో పోవువాడు తలుపును, ప్రహరీద్వారమును మూసి పోవునా యను ఆక్షేపణకు దానివద్ద సమాధానము లేదు. గాలికి తలుపు తనంతట మూసికొనవచ్చును. ద్వారము మాట అట్లుకాదు.