బండి ఆగిన చోట కులం ఆగుతుందా?

చరిత్ర పుస్తకాల్లో ప్రయాణాలకు కొదవలేదు. రాజులు దండెత్తినవి, యాత్రికులు కాశీకి పోయినవి, వర్తకులు సరుకు తోలించినవి చాలా వుంటాయి. ఆ సరుకు బండి తోలినవాడు రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఎవరి నీళ్లు తాగాడు అనే సంగతి మాత్రం వుండదు. శ్రామికుల చరిత్ర రాసిన అభ్యుదయవాదులు కూడా పని గంటల గురించి రాసినంతగా పని ఆగిన గంట గురించి రాయలేదు. దళితుల వైపు నుంచి చూస్తే ఈ రెండో ప్రశ్నే ముందు రావాలి. ఎందుకంటే పని చెయ్యకుండా మనల్ని ఎవరూ ఎప్పుడూ అడ్డుకోలేదు. కూచోటానికే అడ్డుకున్నారు.

హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే జాతీయ రహదారి గుత్తి, పామిడి, అనంతపురం, పెనుకొండ మీదుగా కొడికొండ దగ్గర కర్ణాటకలోకి దిగుతుంది. చాలాకాలం దాన్ని ఏడో నెంబరు రోడ్డు అన్నారు, 2010లో నెంబర్లు మార్చినప్పుడు 44 అయింది. ఈ రోడ్డు మీద ఒంటరిగా లారీ నడిపే డ్రైవర్ విశ్రాంతికి ఒక చరిత్ర వుంది. అది కులం చరిత్ర కూడా.

సత్రం ఎవరిది?

పాత కాలంలో ప్రయాణికుడు ఆగే చోట్లు మూడు: సత్రం, చావడి, చలివేంద్రం. వీటిని పుణ్యం కోసం కట్టించారని గొప్పగా చెప్పుకుంటారు. ఆ పుణ్యం ఎవరికి దక్కిందో కూడా చెప్పాలి. సత్రంలో వంట బ్రాహ్మణుడిది, పంక్తి కులాల వారీది. చావడి అరుగు పెద్దకులాలది. చలివేంద్రంలో మనవాడికి ముంత ఇవ్వరు, పైనుంచి దోసిట్లో పోస్తారు. దారి అందరిదీ అన్నా, దారి పక్కన ఆగే చోటు మాత్రం కొందరిదే.

దీన్ని అంబేద్కర్ కంటే స్పష్టంగా చెప్పినవారు లేరు. తన ప్రయాణాల్లో ఎదురైన అంటరానితనం గురించి ఆయన రాసిపెట్టుకున్న అనుభవాలు 1990లో పుస్తకంగా వచ్చాయి. అందులో మొదటిది 1901 నాటిది, ఆయన తొమ్మిదేళ్ల పిల్లవాడు. అన్నతో, అక్క కొడుకులతో కలిసి తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్‌లో దిగాడు. మహర్ పిల్లలని తెలిశాక ఎద్దులబండి తోలటానికి ఎవరూ రాలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పగ్గాలు పిల్లలే పట్టేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం కుదిరింది. రాత్రి ఒక టోలు వసూలుదారు గుడిసె దగ్గర ఆగారు. డబ్బాలో అన్నం వుంది, తాగటానికి నీళ్లు లేవు. ముస్లింలమని చెప్పుకున్నా నీళ్లు దొరకలేదు. తినకుండానే పడుకున్నారు.

అమెరికాలో చదువుకుని వచ్చాక బరోడాలో ఉద్యోగానికి చేరినప్పుడూ అంతే. పార్శీ పేరు పెట్టుకుని పార్శీ సత్రంలో తలదాచుకుంటే, సంగతి బయటపడ్డాక కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకుని తోలమన్నారు. టాంగా మాత్రం అద్దెకిచ్చారు. తోలటం రాని మనవాడే తోలితే అది కల్వర్టు దగ్గర తిరగబడి ఆయన కాలు విరిగింది.

ఈ మూడు అనుభవాల్లోనూ ఒకే విషయం వుంది. అంటరానివాడు ప్రయాణంలో ఆగాలంటే పేరు దాచుకోవాలి, లేదా ఆకలితో పడుకోవాలి. తోలే పని కూడా కులం బయట లేదు. ఈ రెండు సంగతులు గుర్తుంచుకుని మన రోడ్డు దగ్గరికి వద్దాం.

రోడ్డు వేసినవాళ్లు

అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయి ఏర్పడింది. 2022లో అదీ రెండయింది, దక్షిణ భాగం శ్రీసత్యసాయి జిల్లా అయింది. కరువు మాత్రం రెండు జిల్లాలకీ వుమ్మడి ఆస్తి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. అదీ కాలానికి పడదు. 1876-78 నాటి ధాత కరువులో ఈ సీమ జనం పురుగుల్లా రాలిపోయారు. కరువు పనులంటే చెరువు మన్ను తియ్యటం, రోడ్డుకు కంకర కొట్టటం. స్వాతంత్య్రం తర్వాత వచ్చిన కరువుల్లోనూ పనులు చాలావరకు అవే. అంటే ఈ సీమ రోడ్ల అడుగున మాల మాదిగల చెమట వుంది. రోడ్డు వేసినవాడు దాని మీద వాహనం ఎక్కటానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఎక్కించింది కూడా కరువే. వేరుశెనగ పండితే కలుపుకీ, కట్టె పీకటానికీ కూలి వుంటుంది. పంట పోతే రైతుకు అప్పు మిగులుతుంది, భూమి లేని కూలికి అదీ పుట్టదు. ఆ ఏడాది మన ఇళ్లల్లో పెద్దవాళ్లు బెంగుళూరు మేస్త్రీ పనికి పోతే, పదహారేళ్ల పిల్లగాడు లారీ క్లీనర్‌గా ఎక్కాడు. చక్రాలు తుడిచి, పట్ట కట్టి, స్టెప్నీ మార్చి, రాత్రిళ్లు ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుని డ్రైవర్ అయ్యాడు. దీనికి చదువు అక్కర్లేదు, భూమి అక్కర్లేదు, ఊరి పెద్ద సిఫారసు అక్కర్లేదు. లారీ డ్రైవర్లంతా దళితులే అని కాదు. బోయలు, కురుబలు, ముస్లింలు, బీద రెడ్లు కూడా వున్నారు. అయితే ఊరి కూలి నుంచి, దొర పశువుల కొట్టం నుంచి బయటపడే దారిగా స్టీరింగ్ మనవాళ్లకు పనికొచ్చినంతగా మిగతావాళ్లకు అవసరపడలేదు.

నిద్ర కాదు, కాపలా

డ్రైవర్ విశ్రాంతి ఎట్లా వుంటుందో చూద్దాం. తాడిపత్రిలో బండలు ఎత్తటానికో, సిమెంటు ఫ్యాక్టరీ ముందు లోడు కోసమో లారీ వరసలో ఆగి వుంటుంది. ఒక్కోసారి పూట, ఒక్కోసారి రోజు దాటిపోతుంది. ఓనరు లెక్కలో అది ఖాళీ టైము. డ్రైవర్ లెక్కలో అది పనీ కాదు, నిద్రా కాదు. వరస కదిలితే బండి ముందుకు జరపాలి, కాబట్టి కన్ను మూసినా చెవి తెరిచే వుండాలి. జీతం ట్రిప్పు మీద, బత్తా రోజు మీద. ఎదురుచూసిన గంటలకు కూలి లేదు.

మధ్యాహ్నం పూట ఈ సీమలో కేబిన్ పొయ్యి లాగా వుంటుంది. లారీ కిందనే పట్ట పరుచుకుని పడుకుంటారు, అదే దొరికే నీడ. స్టవ్ వెలిగించి అన్నం, చారు వండుకునేవాళ్లు వున్నారు. రోజూ ధాబాలో తింటే బత్తాలో ఇంటికి ఏమీ మిగలదు. స్నానం ఒక సమస్య. రోడ్డు పక్క తోటలో మోటారు ఆడుతుంటే దాని కింద నిలబడాలి. వందల అడుగుల లోతు నుంచి లాగిన నీళ్లవి, రైతు వూరికే పొయ్యనివ్వడు. ‘ఏ ఊరప్పా మీది?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న వుంటుందని మనకు తెలుసు. కారంచేడులో 1985లో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. చుండూరులో 1991లో మొదలైంది సినిమా హాల్లో. దాహం తీర్చుకునే చోటూ, కాలు చాపుకునే చోటూ మన చరిత్రలో ఎప్పుడూ ప్రమాదమైన చోట్లే.

రాత్రి పడుకున్నా అది నిద్ర కాదు. డీజిలు దొంగలుంటారు, పట్ట కోసి సరుకు దించేవాళ్లుంటారు. పోయిన సరుకు ఖరీదు డ్రైవర్ జీతంలో కోత పడుతుంది. ఇదివరకు క్లీనరో, రెండో డ్రైవరో వుండేవాడు. ఒకడు పడుకుంటే ఒకడు మేలుకునేవాడు, దేశంగాని దేశంలో జ్వరమొస్తే మందు తెచ్చేవాడు. ఆ తోడు పోయాక నిద్రా కాపలా ఒకే మనిషి ఒకే సమయంలో చెయ్యాల్సి వచ్చింది. ఊళ్లో మన తాతలు వెట్టిలో భాగంగా దొరల కళ్లాలకు కావలి పడుకున్నారు. సరుకు పరాయిది, జాగారం మనది. ఈ లెక్కలో మార్పు రాలేదు.

‘ఉస్తాదు’ అనే పేరు

అట్లాగని రోడ్డు ఏమీ ఇవ్వలేదంటే అబద్ధం అవుతుంది. ఊరి టీ హోటల్లో రెండు గ్లాసులు నడిచిన రోజుల్లో మనవాడి గ్లాసు చూరులో వుండేది. తాగి కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. అదే మనిషి ధాబాలో నులక మంచం మీద కూచుంటే, పంజాబీ పద్ధతిలో అడ్డంగా వేసిన పలక మీద అందరికీ పెట్టిన కంచమే పెట్టారు. ధాబావాడికి కావాల్సింది లారీలు ఆగటం. డ్రైవర్ కులం అడిగితే లారీ ఆగదు. అక్కడ ఎవరూ ఎవర్నీ ఇంటి పేరుతో పిలవరు. ‘ఉస్తాదు’ అంటారు, ‘డ్రైవరన్నా’ అంటారు. పుట్టుక ఇచ్చిన పేరు స్థానంలో పని ఇచ్చిన పేరు వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. ఈ రోడ్డు మనవాళ్లకు ఇచ్చిన మొదటి గౌరవం బహుశా ఇదే.

కానీ ఇది తెలియనితనం మీద నిలబడ్డ గౌరవం. ముఖం తెలిసిన చోట, సొంత మండలంలో, ఓనరు ఇంటి ముందు ఇది నిలవదు. ఓనరు ఇంటికి తాళం చెవి ఇవ్వటానికి పోయిన ఉస్తాదు వాకిట్లోనే ఆగిపోతాడు. బరోడా సత్రంలో పేరు మార్చుకుంటే దొరికిన గదికీ, ధాబాలో పేరు చెప్పకపోతే దొరికిన మంచానికీ చుట్టరికం వుంది. దాచుకుంటే దొరికేది హక్కు కాదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 1990లలో ఎయిడ్స్ ప్రచారం మొదలయ్యాకే సర్కారుకు డ్రైవర్ రాత్రి ఎక్కడ ఆగుతాడు అనే ప్రశ్న వచ్చింది. అదీ రోగం మోసుకొస్తాడనే భయంతో. బోర్డులొచ్చాయి, క్లినిక్కులొచ్చాయి. పడుకోటానికి చోటు రాలేదు. ధాబా వెనక చీకట్లో నిలబడ్డ ఆడమనిషి గురించి కూడా అంతే, ఆమెను రోగం లెక్కల్లో రాసుకున్నారు. కరువుకు ఇల్లు వదిలిన ఆమెకు విశ్రాంతి ఎక్కడ అని అడగలేదు. మగ డ్రైవర్ విశ్రాంతి గురించి మాట్లాడే మనం ఆ ప్రశ్న దాటేసి పోకూడదు.

చట్టం ఇచ్చిన మంచం

చట్టాలు లేక కాదు. హోటళ్లు, బావులు, రోడ్లు అందరివీ అని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 1955 చట్టం హోటల్లో, ధర్మశాలలో పాత్రలు నిరాకరించటాన్ని కూడా నేరం చేసింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఇంకా వివరంగా రాసింది. మామూలుగా రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలకు మించి ఏకధాటిగా నడపకుండా కనీసం అరగంట విరామం, ఒక రోజు పనికీ మరుసటి రోజు పనికీ మధ్య తొమ్మిది గంటల విశ్రాంతి, రాత్రి ఆగాల్సిన చోట యజమాని ఖర్చుతో విశ్రాంతి గది. చదివితే కడుపు నిండుతుంది. అయితే ఆ చట్టం అయిదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకే. మన దేశంలో ఎక్కువ లారీలు అయిదు బండ్లు కూడా లేని చిన్న ఓనర్లవి. చట్టం పెద్ద గేటు పెట్టింది, గోడ కట్టలేదు. 2020లో చేసిన లేబర్ కోడ్‌లలో ఒకటి ఈ చట్టాన్ని తనలో కలిపేసుకుంది.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలి, రెండోవాడు పడుకోటానికి సీటు వెనక చోటుండాలి. అది అమలు కాలేదని అందరికీ తెలుసు. 2018లో చేసిన సవరణలో ఇద్దరు డ్రైవర్ల నిబంధనే తీసేశారు. అంటే అమలు కాని హక్కును అమలు చెయ్యటానికి బదులు హక్కునే రద్దు చేశారు. ఒంటరి డ్రైవర్ అప్పటిదాకా ఓనరు చేసిన తప్పు, అప్పట్నుంచి చట్టబద్ధం.

2024 ఫిబ్రవరిలో ప్రధాని జాతీయ రహదారుల మీద డ్రైవర్ల కోసం 1000 విశ్రాంతి భవనాలు కడతామన్నారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల కేబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ టైము ఇవ్వకుండా గది ఇస్తే ఏం లాభం? మరుసటి ఉదయం సరుకు చేరకపోతే బత్తా కట్ అన్నప్పుడు, ఎంత మంచి భవనం ముందునుంచైనా లారీ ఆగకుండానే పోతుంది.

ఏం అడగాలి?

లోడింగు దగ్గర ఎదురుచూసిన ప్రతి గంటనూ పని గంటగా లెక్కకట్టి కూలి ఇవ్వాలని అడగాలి. రాత్రి నడిచే దూరపు లారీకి రెండో మనిషిని తిరిగి తప్పనిసరి చెయ్యాలని అడగాలి. ఆగే చోట నీళ్లు, మరుగుదొడ్డి, కాపలా వుండాలి. అవి దానంగా కాకుండా పనిచేసే మనిషి హక్కుగా రావాలి. లారీ యూనియన్లు కులం మాట ఎత్తవు, దళిత సంఘాలు లారీ స్టాండుకు పోవు. ఈ దూరం తగ్గాలి.

ఇక విద్యార్థులు, టీచర్లు చెయ్యగలిగిన పని ఒకటుంది. మన వాడల్లో ముసలి డ్రైవర్లున్నారు. ఎన్ని మైళ్లు నడిపారని అందరూ అడిగారు. ఎక్కడ ఆగారు, ఎక్కడ ఆగనివ్వలేదు, ఎక్కడ ఏ పేరు చెప్పుకున్నారు అని అడిగి రాసిపెట్టండి. గుత్తి దగ్గర ధాబాలో మంచం మీద కూచుని తిన్న మనిషి తన ఊళ్లో బస్సు దిగాక టీ హోటల్ బెంచీ మీద కూచోగలిగాడా లేదా అని కూడా అడగండి. రెండు గ్లాసుల చోట పేపర్ కప్పు వచ్చింది కాబట్టి అంటరానితనం పోయిందనేవాళ్లకు జవాబు ఆ బెంచీ దగ్గరే దొరుకుతుంది.